కాలిబాట మీద నిలిచే బోర్డు

పిల్లలూ! బడికి నడిచి వెళ్ళేటప్పుడు దుకాణాల ముందు కాలిబాట మీద రెండు పలకలు నిలబడి ఉండటం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. రెండు పేకముక్కలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్లుగా, పైన కలిసి, క్రింద విడిపోయి ఉంటాయి. ఒక పలక మీకు ఎదురుగా వచ్చేవారిని చూస్తుంది. రెండవది మిమ్మల్ని చూస్తుంది. పక్క నుంచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలలో మొదటిదైన ‘ఎ’ ఆకారం కనిపిస్తుంది. అందువల్ల దీనిని ‘ఎ-ఫ్రేము’ అంటారు. ‘శాండ్‌విచ్ బోర్డు’ అనే పేరు కూడా ఉంది.

ఈ రెండవ పేరు ఎట్లా వచ్చిందో తెలుసా? పందొమ్మిదవ శతాబ్దంలో లండను వీధులలో కొందరు పేదవారు కూలి కోసం రెండు ప్రకటన పలకలను భుజాల మీద వేసుకొని తిరిగేవారు. ఒక పలక రొమ్ము మీద, ఒకటి వీపు మీద, మధ్యలో మనిషి. చార్లెస్ డికెన్స్ అనే రచయిత ఆ మనిషిని శాండ్‌విచ్‌తో పోల్చాడు. తరువాతి కాలంలో మనిషి తప్పుకొన్నాడు, పలకలు తమంతట తామే నిలబడటం నేర్చుకొన్నాయి. పేరు మాత్రం మిగిలింది.

దుకాణం గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో పేరు వ్రాసి ఉండగా మళ్ళీ ఈ బోర్డు ఎందుకు? ఒకసారి మీరే పరీక్షించి చూడండి. ఆక్లండ్‌లో శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీద గాని, పాపటోయిటోయిలో గాని మన దేశపు సరుకుల దుకాణాలు వరుసగా ఉన్నచోట కాలిబాట మీద గోడ ప్రక్కగా నడవండి. మీ తల మీద ఉన్న పేర్లలో ఒక్కటైనా చదవగలిగారా? లేదు. గోడ మీది బోర్డు ఎదుటి కాలిబాట మీద ఉన్నవారికీ, కారులో పోయేవారికీ కనిపిస్తుంది. దాని క్రిందుగా నడిచేవారికి కనిపించదు. ఎ-ఫ్రేము బోర్డు అడ్డంగా తిరిగి నిలబడుతుంది గనుక నడిచేవాని కంటికి నేరుగా తగులుతుంది. పెద్ద వీధిలోని పెద్ద దుకాణానికి ఇది లేకపోయినా నడుస్తుంది. సందులో ఉన్న చిన్న దుకాణానికి మాత్రం ఇదే ప్రాణం. న్యూజీలండ్‌లో ‘డెయిరీ’ అనే మూలమీది కొట్లు మీకు తెలుసు. పేరు చూసి పాలకేంద్రం అనుకొనేరు! ఉప్పు నుంచి ఐస్‌క్రీము వరకు అన్నీ అమ్మే చిల్లర కొట్టు అది. వాటిలో చాలావాటిని మన దేశం నుంచి వచ్చిన కుటుంబాలే నడుపుతున్నాయి. ఆ కొట్టు ముందు ఒక బోర్డు లేనిదే కనిపించదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. తెలిసినవారు పిండివంటల కొట్టు పెట్టుకొంటే ఉత్సాహం కొద్దీ వారికి ఒక బోర్డు చేసి ఇచ్చాను. రంగులు బాగా వచ్చాయి. అక్షరాలు కుదిరాయి. అందరూ మెచ్చుకొన్నారు. రెండు పలకలు విడిపోకుండా వాటి మధ్య గొలుసు కట్టాలని తెలిసీ, ఇంట్లో ఉన్న సన్నని దారంతో సరిపెట్టాను. మూడవ రోజు మధ్యాహ్నం దక్షిణపు గాలి వీచింది. దారం పుటుక్కున తెగింది. పలకలు రెండూ చదునుగా పరుచుకొని, గాలికి జారుకొంటూ పోయి, పసిపాపను తోపుడుబండిలో కూర్చోబెట్టి తీసికొని వెళుతున్న ఒక తల్లి కాళ్ళ ముందు ఆగాయి. ఇంకొక జానెడు ముందుకు పోయి ఉంటే ఏమయ్యేదో! ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని నాకు అనిపించింది. ఆ సాయంత్రం నుంచే ఈ బోర్డుల లెక్కలు నేర్చుకోవటం మొదలుపెట్టాను. ఆ లెక్కలే మీకు చెబుతాను.

మొదట గాలి సంగతి చూద్దాం. న్యూజీలండ్ నాలుగు వైపులా సముద్రం ఉన్న దేశం. ఉత్తర దీవికీ దక్షిణ దీవికీ మధ్య కుక్ జలసంధి ఉంది. రెండు దీవుల కొండల మధ్య ఉన్న ఆ సందులోకి గాలి దూరినప్పుడు దాని వేగం పెరుగుతుంది. ఆ జలసంధి ఒడ్డునే ఉన్న వెల్లింగ్టన్ నగరాన్ని గాలి నగరం అనటానికి కారణం ఇదే. 

మనం చేయబోయే బోర్డులో ఒక్కొక్క పలక 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందనుకోండి. క్రింద రెండు పలకల మధ్య దూరం 60 సెంటీమీటర్లు. అప్పుడు బోర్డు ఎత్తు ఎంత? పలక వాలి ఉంది గనుక 90 ఉండదు. పైథాగరస్ సిద్ధాంతం నేర్చుకొన్నవారు వెంటనే చెప్పగలరు. 90 వర్గం 8100. సగం దూరమైన 30 వర్గం 900. తీసివేయగా 7200. దాని వర్గమూలం సుమారు 85. అంటే బోర్డు 85 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది.

ఈ బోర్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే అది నెట్టే బలం సుమారు ఒక కిలో బరువుతో సమానం. 40 కిలోమీటర్లయితే? రెండు కిలోలు అని మీరంటారు. కాదు, నాలుగు కిలోలు! 60 అయితే తొమ్మిది కిలోలు. 80 అయితే పదహారు. గాలి వేగం రెట్టింపైతే దాని నెట్టుడు నాలుగింతలవుతుంది. ఉదయం పిల్లగాలికి కదలని బోర్డు మధ్యాహ్నానికి ఎందుకు పల్టీ కొడుతుందో ఇప్పుడు తెలిసిందా?

బోర్డు పడుతుందా నిలుస్తుందా అన్నది తూగుడుబల్ల లెక్క. గాలి బోర్డు మధ్యభాగాన్ని, అంటే నేల నుంచి సుమారు 42 సెంటీమీటర్ల ఎత్తున నెడుతుందని అనుకోవచ్చు. బోర్డు బరువు దానిని క్రిందికి పట్టి ఉంచుతుంది. ఆ బరువు పనిచేసేది గాలి పోయే వైపు కాలికి 30 సెంటీమీటర్ల దూరంలో. గంటకు 60 కిలోమీటర్ల గాలిలో 9ని 42తో గుణిస్తే 378. మన బోర్డు బరువు 8 కిలోలనుకొంటే, 8ని 30తో గుణిస్తే 240. గాలి గెలిచింది. బోర్డు పడింది. బరువు 13 కిలోలుంటే 390 వస్తుంది. అప్పుడు బోర్డు గెలుస్తుంది, అదీ అంతంత మాత్రంగానే. కాబట్టి అడుగున అడ్డంగా ఒక పలక వేసి, దాని మీద 5, 6 కిలోల ఇసుక సంచి పెడతారు. కాళ్ళ మధ్య దూరం పెంచినా బలం పెరుగుతుంది గాని, అప్పుడు బోర్డు కాలిబాటను ఆక్రమిస్తుంది. ఇసుక సంచే మేలు. ఇసుక సంచికి కూడా లొంగని గాలి వీచే రోజున బోర్డును లోపలే ఉంచటం ఇంకా మేలు.

ఇక చెక్క. ఈ దేశంలో చవకగా, సులభంగా దొరికేది రేడియేటా పైన్. ఇది ఇక్కడి చెట్టు కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరం నుంచి వచ్చింది. వచ్చిన చోట కంటె ఇక్కడే బాగా పెరిగింది. న్యూజీలండ్‌లో కలప కోసం నాటి పెంచిన అడవులలో పదింట తొమ్మిది వంతులు ఈ చెట్లే. అయితే తడి తగిలితే ఇది త్వరగా పుచ్చుతుంది. అందుచేత మందు ఎక్కించి అమ్ముతారు. మందు ఎక్కించిన చెక్క తరచు కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది. ఆరుబయట వాడే చాలా రకాల మందులో రాగి, క్రోమియంతో పాటు ఆర్సెనిక్ అనే విషం కూడా ఉంటుంది. ఒక మాట జ్ఞాపకం పెట్టుకోండి. దీనిని కోసేటప్పుడు ముక్కుకు ముసుగు కట్టుకోవాలి. మిగిలిన ముక్కలను చలిమంటలో గాని, బార్బెక్యూలో గాని ఎన్నడూ వేయరాదు. ఆ పొగలోనూ బూడిదలోనూ విషం ఉంటుంది.

పలకలకు 9 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ సరిపోతుంది. పెద్ద షీటు 2400 మిల్లీమీటర్ల పొడవు, 1200 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఈ కొలతలు పాత ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులే. 1970లలో ఈ దేశం మెట్రిక్ కొలతలకు మారినా చాలామంది వడ్రంగులు ఇంకా ‘ఫోర్ బై టూ’ అనే అంటారు. మన ఊళ్ళలో స్థలం గజాలలో చెప్పినట్లే! ఈ షీటులో 900, 600 పలకలు ఎన్ని వస్తాయి? కాగితం మీద ఐదు. అయితే రంపం కూడా కొంత చెక్కను తింటుంది. ఒక్కొక్క కోతకు సుమారు 3 మిల్లీమీటర్లు పొడిగా రాలిపోతుంది. వెడల్పున రెండు 600లు కలిస్తే సరిగ్గా 1200. రంపానికి వాటా లేదు. కాబట్టి పలక వెడల్పు 598గా గీసుకోవాలి. క్రొత్తగా పని నేర్చుకొనే వారందరూ మొదట తప్పు చేసేది ఇక్కడే.

కోత పని పెద్దవారు చేస్తారు, మీరు గీత గీయండి. మూలమట్టం పెట్టి మూలలు సరిచూడండి. పలక వెనుక అంచుల వెంబడి సన్నని పైన్ కమ్ములు మరలతో బిగిస్తే పలక వంగదు. తరువాత రెండు పలకలనూ వీపులు కలిపి పడుకోబెట్టి, పై అంచుకు రెండు బందులు వేయాలి. తుప్పు పట్టని బందులు కావాలి. ఉప్పుగాలి మామూలు ఇనుమును ఒక్క చలికాలంలో తినేస్తుంది. చివరకు గొలుసు. రెండు పక్కలా రెండు గొలుసులు. ఎంత పొడవు? క్రింద కాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లుంటే సరిగ్గా సగం ఎత్తులో ఆ దూరం 30 మాత్రమే. అక్కడ కట్టే గొలుసు 30 సెంటీమీటర్లుంటే చాలు. దారం మాత్రం వద్దు!

ఉప్పుకాగితంతో బాగా రుద్ది, మరల గుంతలను లప్పంతో పూడ్చి, ప్రైమరు వేసి, ఆరిన తరువాత రెండు పూతలు రంగు వేయాలి. ముఖాలకు వేసి అంచులు వదిలివేస్తే లాభం లేదు. ప్లైవుడ్ పలుచని పొరలను అంటించి చేసింది. నీరు అంచులోనుంచే పొరల మధ్యకు దిగుతుంది. దిగితే పలక అప్పడంలా ఉబ్బుతుంది. అంచులకు మూడవ పూత వేసినా తప్పు లేదు. ఇక్కడి ఎండలో అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి. ఎరుపు రంగు ముందుగా వెలిసిపోతుంది. ముఖ్యమైన మాటలను నలుపుతో గాని ముదురు నీలంతో గాని లేత రంగు మీద వ్రాయటం మంచిది.

అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి? బోర్డులు వ్రాసేవారు ఒక లెక్క పాటిస్తారు. మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం 25 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. ఆరు మీటర్లకు 50. నడిచే మనిషి ఆరు మీటర్ల నుంచి చదివితేనే ఆగాలా వద్దా అని ఆలోచించుకోవటానికి వ్యవధి ఉంటుంది. కాబట్టి మన అక్షరం 50 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

తెలుగు వ్రాయటంలో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరాలు అట్లా కూర్చోవు. గుడి పైకి పోతుంది. వత్తు క్రిందికి దిగుతుంది. ‘పెసరట్టు’ అని వ్రాసి చూడండి. ‘ట్టు’లోని వత్తుకు క్రింద చోటు వదలకపోతే అది తరువాతి పంక్తి నెత్తిన కాలు పెడుతుంది. అందుచేత 50 మిల్లీమీటర్ల అక్షరానికి పైన 25, క్రింద 35 వదలాలి. ఇంగ్లీషు ఆరు పంక్తులు పట్టేచోట తెలుగు నాలుగు పంక్తులే పడుతుంది. నష్టమేమీ లేదు. నడిచేవాడు చదివేది నాలుగైదు మాటలే. ఫ్లెక్సీ బ్యానర్లు రాకముందు మన తెలుగు ఊళ్ళలో బోర్డులు వ్రాసే చిత్రకారులుండేవారు. వారు సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, కుంచె ఎత్తకుండా ‘శ్రీ’ వ్రాసేవారు. పుస్తకాల అట్టల మీద అక్షరాలకు ఒయ్యారం నేర్పిన బాపు (1933–2014) చేతివ్రాతను మీ ఇంట్లోని పాత పుస్తకాల మీద వెదకి చూడండి. అక్షరాలు నిలువుగా ఎక్కడ చోటు తీసుకొన్నాయో గమనించండి.

దీర్ఘాల విషయంలో జాగ్రత్త! ‘పాలు’లో దీర్ఘం ఎగిరిపోతే ‘పలు’ అవుతుంది. ‘కారం’లో ఎగిరిపోతే ‘కరం’ అవుతుంది. కరం అంటే చెయ్యి. కిలో చెయ్యి ఎవరు కొంటారు?

ఈ చిక్కు మనకే కాదు, మావోరీ భాషకూ ఉంది. 1987 నాటి చట్టంతో మావోరీ ఈ దేశానికి అధికార భాష అయింది. దుకాణాల తలుపుల మీద ‘కువా తుఫెరా’ అని చూచి ఉంటారు. తెరిచి ఉన్నది అని అర్థం. ‘కువా కతి’ అంటే మూసి ఉన్నది. మావోరీని ఇంగ్లీషు లిపిలో వ్రాసినప్పుడు దీర్ఘాన్ని అచ్చు మీద చిన్న అడ్డుగీతతో చూపుతారు. ‘తఙత’ అంటే మనిషి, ‘తాఙత’ అంటే మనుషులు. ఆ గీత మరచిపోతే జనమంతా ఒక్క మనిషి అయిపోతారు! మన వర్ణమాలలో ఉండి కూడా మనం ఎన్నడో గాని వాడని ‘ఙ’ వారి మాటలలో ఎంత సులభంగా పలుకుతుందో చూశారా? మీరు చేసే బోర్డు మీద తెలుగు, మావోరీ, ఇంగ్లీషు మూడూ ఉండవచ్చు. ఎక్కువమంది చదివేది ఇంగ్లీషు గనుక సరుకు పేరు అందులో పెద్దదిగా ఉండాలి. తెలుగు చిన్నదైనా తప్పులేకుండా ఉండాలి.

ధర వ్రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. ‘ఉచితం’ అని బెత్తెడు అక్షరాలతో వ్రాసి, ‘పది కొన్నవారికి’ అని చీమతలకాయంత అక్షరాలతో వ్రాయటం మోసం. 1986 నాటి న్యాయమైన వ్యాపార చట్టం కొనేవారిని తప్పుదారి పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది. ఇక్కడ ఒక చిత్రం ఉంది. బోర్డు మీద ‘2.99 డాలర్లు’ అని ఉంటుంది గాని ఒక సెంటు నాణెం 1990లోనే చెలామణీ నుంచి పోయింది. 2006లో అయిదు సెంట్ల నాణెం కూడా పోయింది. చేతిలో నోట్లు పట్టుకొని వెళ్ళినవాడు మూడు డాలర్లు ఇచ్చి రావలసిందే. కార్డుతో చెల్లించినవానికి మాత్రం 2.99.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, బోర్డును ఎక్కడ నిలబెట్టాలి? కాలిబాట దుకాణదారుది కాదు, నడిచేవారిది. చూపులేనివారు తెల్లకర్రతో గోడ అంచును తడుముకొంటూ నడుస్తారు. వారికి గోడే దారి చూపే తోడు. ఆ గోడకు ఆనించి మనం బోర్డు పెడితే వారి దారిని మనం తెంచినట్లు. ఇంకొక ప్రమాదం ఉంది. బోర్డును పక్క నుంచి చూస్తే మధ్యలో ఖాళీ కదా! పక్క నుంచి వచ్చిన కర్ర కొన ఆ ఖాళీలోకి దూరిపోతుంది. కర్రకు ఏమీ తగలలేదు గనుక మనిషి అడుగు వేస్తాడు. మోకాలి క్రింద ఎముకకు పలక అంచు కొడుతుంది. అందువల్ల అడుగున, నేలకు దగ్గరగా, రెండు పక్కలా అడ్డకమ్మి ఉండాలి. ఇసుక సంచి పెట్టే పలక ఈ పని కూడా చేస్తుంది. కర్ర దానికి తగిలి ‘టక్’ మంటుంది. మనిషి ఆగుతాడు. చక్రాల కుర్చీలో వచ్చేవారికీ, పాపల తోపుడుబండ్లకూ చోటు చాలాలి. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఎవరూ రోడ్డు మీదికి దిగనవసరం ఉండరాదు.

ఈ విషయాలలో నియమాలు చేసే అధికారం 2002 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం నగర మండళ్ళకు ఇచ్చింది. ఆక్లండ్‌లో 2022లో బోర్డుల కోసమే ఒక ఉపచట్టం వచ్చింది. ఒక ఊరి నియమం మరొక ఊరికి వర్తించదు. కొన్నిచోట్ల అనుమతి కావాలి. కొన్ని వీధులలో అసలే పెట్టరాదు. కాబట్టి చెక్క కొనక ముందే మండలి కార్యాలయంలో అడగాలి. బోర్డు చేసిన తరువాత అడిగితే చెక్కా, రంగూ, శ్రమా మూడూ పోతాయి.

పిండివంటల కొట్టువారికి నేను రెండవ బోర్డు చేసి ఇచ్చాను. దానికి గొలుసులున్నాయి, ఇసుక సంచి ఉంది. ఉదయం తొమ్మిదింటికి ఆ ఇంటి అబ్బాయి దానిని బయటికి తెస్తాడు. సుద్దముక్కతో ఆనాటి వంట పేరు వ్రాస్తాడు. మొన్న అటు వెళ్ళినప్పుడు చూస్తే ‘వేడి వేడి గారెలు’ అని ఉంది. ‘గా’కు దీర్ఘం సరిగానే ఉంది. సాయంత్రం ఆరు గంటలకు ముందు సంచి తీసి, తరువాత పలకలు మడిచి, లోపలికి తీసికొనిపోతాడు.

అభ్యాసం

1. గోడ మీది బోర్డు ఉండగా ఎ-ఫ్రేము బోర్డు ఎందుకు కావలసి వచ్చింది?

2. గాలి వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 60కి పెరిగితే అది నెట్టే బలం ఎన్ని రెట్లవుతుంది?

3. పాఠంలోని బోర్డు బరువు 10 కిలోలైతే గంటకు 60 కిలోమీటర్ల గాలికి నిలుస్తుందా? లెక్క వేసి చూపండి.

4. దీర్ఘం తీసివేస్తే అర్థం మారే తెలుగు మాటలు మరి ఐదు వ్రాయండి.

5. రెండు అట్టముక్కలు, ఒక దారం, కొంచెం జిగురుకాగితం తీసికొని చిన్న బోర్డు చేయండి. దారం కట్టక ముందు ఒకసారి, కట్టిన తరువాత ఒకసారి విసనకర్రతో విసరండి. తేడా ఏమిటో మీ పుస్తకంలో వ్రాయండి.